సానుకూల ఆలోచన: మనస్తత్వ శాస్త్రమా, మతమా? (చర్చ)

గోదావరి గట్టు: మా కార్యాలయంలో ఇటీవల వ్యక్తిత్వ వికాస శిక్షణ జరిగింది. గట్టిగా నమ్మితే చాలు, కోరినది వచ్చి తీరుతుందని వక్త చెబుతుంటే నాకు ప్రవచనం విన్నట్లే అనిపించింది. ఈ బోధకు ఆధ్యాత్మిక మూలాలు ఎక్కడ ఉన్నాయి? పిల్లలకు ఇటువంటి శిక్షణ ఇప్పించవచ్చా?

శాస్త్రి, కాకినాడ: బంధానికీ మోక్షానికీ మనస్సే కారణమని అమృతబిందూపనిషత్తు ఏనాడో చెప్పింది. మన సరుకునే అమెరికావారు మనకు తిరిగి అమ్ముతున్నారు. నమ్మకం లేకపోతే మన యోగి రామచరక గ్రంథాలు చదవండి.

పాత పుస్తకాలు: శాస్త్రిగారూ, యోగి రామచరక మనవాడు కాదు. విలియం వాకర్ అట్కిన్సన్ అనే అమెరికా న్యాయవాది పెట్టుకున్న కలం పేరు అది. మన ఆలోచనలే తమకు తగ్గ ఫలితాలను రప్పిస్తాయనే ఆకర్షణ సూత్రం మీద 1906లో పుస్తకం రాసినదీ ఆయనే. అసలు కథ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో గడియారాలు చేసుకునే ఫినియాస్ క్వింబీతో మొదలవుతుంది. మెస్మరిజం (మనిషిని వశపరచుకుని నిద్రలాంటి స్థితిలోకి పంపే విద్య) ప్రదర్శనలు ఇస్తూ తిరిగిన ఆయన, ఖరీదైన మందుకూ చవక మందుకూ ఒకే ఫలితం రావడం చూసి, నయం చేస్తున్నది రోగి నమ్మకమేనని తేల్చుకుని, క్రీస్తు చేసిన స్వస్థతల రహస్యం కూడా అదేనని బోధించాడు. మేరీ బేకర్ ఎడ్డీ 1862లో ఆయన వద్ద చికిత్స పొంది, ఆ భావాలతోనే తరువాత, ప్రార్థనతో రోగాలు నయమవుతాయనే క్రిస్టియన్ సైన్స్ మతశాఖను స్థాపించింది.

డాలస్ రావు: "ఆ భావాలతోనే" అని అంత తేలికగా ఎలా అంటారండీ? క్వింబీ 1866 జనవరిలో మరణించాడు. ఫిబ్రవరిలో మంచు మీద జారిపడిన ఎడ్డీ, సువార్త చదువుతూ కోలుకున్నానని చెప్పుకుంది. దేవుని మనస్సు ఒక్కటే సత్యమన్నది ఆమె సిద్ధాంతం. మెస్మరిజాన్ని ఆమె తరువాతి కాలంలో దుష్టశక్తిగానే చూసింది.

పాత పుస్తకాలు: క్వింబీ పోయినప్పుడు, క్రీస్తు బోధించిన సత్యంతో స్వస్థపరచినవాడని కీర్తిస్తూ పద్యం రాసి అచ్చు వేయించినది ఎవరండీ? ఎడ్డీయే కదా!

డాలస్ రావు: నివాళి పద్యం చూపించి ఒక మతం మొత్తాన్ని చోరసొత్తు అనడం మీకే చెల్లింది.

లక్ష్మి, విజయనగరం: ఎవరిది ఎవరు తీసుకుంటే మాకేమిటండీ? మా అమ్మ క్యాన్సర్‌తో మంచంలో ఉంటే, పరామర్శకు వచ్చిన దూరపు చుట్టం ఒకాయన "మీ ఆలోచనల్లోనే ఏదో దోషం ఉందమ్మా, ముందు అవి మార్చుకోండి" అన్నాడు. రోగం కంటే ఆ మాటే ఆవిడను ఎక్కువ కుంగదీసింది. రోగానికి మూలం రోగి నమ్మకమే అన్న క్వింబీ బోధ చివరికి ఇక్కడికే చేరింది.

విజయ శిక్షకుడు: రెండు దశాబ్దాలుగా వేలమందికి శిక్షణ ఇస్తున్నవాడిగా చెబుతున్నాను, ఇది పూర్తిగా మనస్తత్వ శాస్త్రం. ఇందులో దేవుడి ప్రసక్తే లేదు. పుస్తకాలు తిరగేసేవారికి వేదిక మీది అనుభవం అర్థం కాదు.

పాత పుస్తకాలు: వేదిక ఎక్కేవారు కూడా అప్పుడప్పుడు పుస్తకాలు తిరగేయవచ్చు. సానుకూల ఆలోచన అనే మాటను 1952లో ఇంటింటికీ చేర్చిన నార్మన్ విన్సెంట్ పీల్ న్యూయార్క్ చర్చిలో పాస్టరు. ఆయన చెప్పిన సాధన అంతా ప్రార్థన, బైబిలు వాక్యాల మననం. మనస్తత్వ శాస్త్రానికి పెద్దదిక్కయిన విలియం జేమ్స్ సైతం, క్వింబీ బోధ నుంచి పుట్టిన ఈ మానసిక చికిత్సా ఉద్యమాన్ని, 1902లో అచ్చయిన తన ప్రసంగాలలో, మతానుభవాల కిందనే చర్చించాడు.

శాస్త్రి, కాకినాడ: ఆ ఉద్యమానికి స్ఫూర్తినిచ్చిన అమెరికా తత్త్వవేత్త ఎమర్సన్ భగవద్గీత చదివినవాడు. వివేకానందులు కూడా అమెరికాలో వారి మధ్యనే బోధించారు. దీనికేమంటారు?

పాత పుస్తకాలు: ఎమర్సన్ విషయం ఒప్పుకుంటాను. అయితే వివేకానందులు వెళ్లేసరికే ఆ ఉద్యమం ఊరూరా ఉంది. 1894లో అమెరికాలోని గ్రీన్ ఏకర్ అనే చోట జరిగిన శిబిరంలో కలిసిన ఒక మానసిక చికిత్సకుడికి భౌతిక రసాయన మత శాస్త్రాలన్నీ కలిపి పొడవాటి బిరుదు తగిలించి, వివేకానందులు తమ ఉత్తరంలో ఎంత వేళాకోళం చేశారో చదవండి.

డాలస్ రావు: అదే ఉత్తరంలో, ఆ చికిత్సకుడు తాను ఎడ్డీ శాఖవాడిని కానని చెప్పుకున్న సంగతి కూడా ఉంది. దాన్ని మాత్రం మీరు దాటవేశారు.