తమ్ముడికి 46 ఏళ్లకే మతిమరుపు: డౌన్ సిండ్రోమ్ వల్లేనా?

రాయగడ అక్క:
మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్, 46 నిండాయి. మా కొట్లో కొబ్బరికాయలు లెక్కపెట్టి గోతాల్లో వేసేది వాడే. మూడు నెలలుగా లెక్క మధ్యలో ఆగిపోతున్నాడు. అడిగితే కసురుతున్నాడు, అది వాడి గుణమే కాదు. అమ్మ పోయిన దిగులంటున్నారు బంధువులు. పుట్టుకతో వచ్చిందేనా ఇది? రేపు మా పిల్లలకీ వస్తుందా?

బరంపురం అన్న:
అమ్మా, మా చెల్లికి 51లో మొదలైంది. ముందు మొండితనం, మరుపు తర్వాత. 21వ క్రోమోజోము వీళ్లకి మూడు ఉంటాయి కదా, ఏపీపీ అనే జన్యువు దాని మీదే ఉంది. మూడో కాపీ వల్ల అమిలాయిడ్ అనే ప్రొటీన్ చిన్నప్పటి నుంచీ ఎక్కువ తయారవుతుంది. 40 దాటేసరికి దాదాపు అందరి మెదడులోనూ అది పేరుకుని ఉంటుంది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, బయటపడేది మాత్రం సగటున 55 దగ్గర.

పర్లాకిమిడి:
మరి మా చిన్నాన్నకి 61. ఇప్పటికీ సంతకి వెళ్లి చిల్లర సరిగ్గా తెస్తాడే?

బరంపురం అన్న:
అందరికీ ఒకే వయసులో రాదండి. ఏపీఓఈ అని ఇంకో జన్యువు ఉంది, అది 19వ క్రోమోజోము మీద. అందులో ఇ4 రకం ఉంటే ఒకట్రెండేళ్లు ముందే వస్తుంది, ఇ2 ఉంటే ఆలస్యం కావచ్చు. 21వది పూర్తిగా కాక కొంత ముక్కే అదనంగా ఉండి, ఏపీపీ మాత్రం రెండే ఉన్న ఒకావిడ 78 ఏళ్ల దాకా బతికింది, అల్జీమర్స్ (ఈ అమిలాయిడ్ పేరుకుని వచ్చే డిమెన్షియా) రాలేదు. 1998లో ఇంగ్లండ్ డాక్టర్లు రాశారు. అలాంటివాళ్లు బహు అరుదు లెండి.

కొరాపుట్ పిన్ని:
అక్కా, ఆగండి. జన్యువుల మీదికి తోసేయకముందు థైరాయిడ్, బి12, చెవులు, కళ్లు చూపించారా? మా వాడికి థైరాయిడే. మాత్రలు వేశాక మనిషయ్యాడు. గురక పెడుతుంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో కూడా అడగండి. దిగులు కూడా కొట్టిపారేయొద్దు, దానికీ మందులున్నాయి.

రాయగడ అక్క:
థైరాయిడ్ చూసి మూడేళ్లయింది పిన్నీ. మొన్న ఒక డాక్టరు తేదీ, వారం, ముఖ్యమంత్రి పేరు అడిగారు, అదీ ఒడియాలో! వాడికి అవి ఎప్పుడూ రావు, ఇంట్లో తెలుగే. సున్నా మార్కులేసి డిమెన్షియా అన్నారు.

కొరాపుట్ పిన్ని:
అదెక్కడి పరీక్ష! పదేళ్ల కిందట వాడేం చేసేవాడో, ఇప్పుడేం మానేశాడో రాసి పట్టుకెళ్లండి. పాత పెళ్లి వీడియోలున్నా చూపించండి. ఉన్నట్టుండి చేతులు అదిరినా, ఫిట్స్ వచ్చినా వెంటనే న్యూరాలజిస్టు దగ్గరికి.

బరంపురం అన్న:
పిల్లల సంగతి. డౌన్ సిండ్రోమ్ ఎక్కువ మందిలో వంశంలో పాకేది కాదు. ట్రాన్స్‌లొకేషన్ (21వ క్రోమోజోము ముక్క ఇంకో క్రోమోజోముకి అతుక్కుని ఉండటం) రకమైతేనే అనుమానం, వందలో నాలుగైదుగురికి మించరు. చిన్నప్పుడు తీయించిన కేరియోటైప్ (క్రోమోజోముల పరీక్ష) కాగితం ఉందా?

రాయగడ అక్క:
అమ్మ ట్రంకుపెట్టెలో ఉండాలి. ఈ రాత్రికి వెతుకుతా. రేపు పొద్దున్నే పరీక్షకి రక్తం ఇప్పిస్తున్నా.