సమస్యాపూరణం: "ముల్లు గుచ్చినంత మొలక వచ్చె"

నిర్వాహకుడు: ఇచ్చిన పాదం అర్థవంతంగా అతికేలా మిగతా పాదాలు రాయడమే సమస్యాపూరణం. ఈ వారం సమస్య ఆటవెలది ఛందస్సులో నాలుగో పాదం.

*ముల్లు గుచ్చినంత మొలక వచ్చె*

ముల్లు గుచ్చితే రక్తం రావాలి గానీ మొలక రావడమేమిటన్నదే చిక్కు. అంశం, ఇంట్లో గింజ నుంచి అవకాడో మొక్కను పెంచడం. వెన్నపండు అన్నా సరే. టూత్‌పిక్కులు గుచ్చి గింజను నీళ్ళ మీద నిలబెట్టడం అందరికీ తెలిసిందే కాబట్టి, ముల్లంటే అదేనని సరిపెట్టేస్తే సగం మార్కులే. ముల్లుకూ మొలకకూ లంకె పద్యంలోనే కుదరాలి.

పచ్చతీగ:

వెన్నపండు గింజ పెచ్చును తొలగించి
గాజు గిన్నె మీద కదలకుండ
నిలిపి యడుగు నీట నిత్యము తడుపంగ
ముల్లు గుచ్చినంత మొలక వచ్చె

గురులఘువు: పచ్చతీగ గారూ, గణాలు (లఘువులు, గురువులు అనే పొట్టి, పొడుగు అక్షరాల గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షర మైత్రి) శుభ్రంగా ఉన్నాయి. పైపెచ్చు తీయడం మంచి పరిశీలన, అది తీస్తే మొలక త్వరగా వస్తుంది. కానీ వరుస తలకిందులైంది. గింజను గిన్నె మీద నిలిపేదే ముల్లు కదా! మీరేమో నిలిపి, రోజూ తడిపి, ఆ తర్వాత తీరిగ్గా ముల్లు గుచ్చారు. అంతవరకూ గింజ దేని మీద నిలిచింది?

పచ్చతీగ: నిజమేనండీ. మూడో పాదం ఇలా మారిస్తే?

నిలుప నాసరాగ నెమ్మదిగా చుట్టు

గురులఘువు: ఇప్పుడు కుదిరింది. "ఆసరాగ" అనడంతో ముల్లుకు పని దొరికింది. "నెమ్మదిగా" కూడా పాదపూరణం కోసం వేసిన మాటలా లేదు. గింజ రెండు బద్దలు కలిసే గీత మీద గుచ్చకూడదు, లోపల ఉన్న మొలకకు దెబ్బ తగులుతుంది. పక్కల్లో, అరంగుళం లోపే, కాస్త ఏటవాలుగా గుచ్చితే చాలు.

మట్టిచేతులు: నాకు ఈ పుల్లల హడావుడి మొదటినుంచీ నచ్చదు.

మట్టిలోన సగము మాత్రమే పూడ్చగా
తేమ చాలు, మొలచు, తెలియుడయ్య
నీటి మహిమ దాచి నేర్పుగా నందురు
"ముల్లు గుచ్చినంత మొలక వచ్చె"

నిర్వాహకుడు: విషయం నూటికి నూరుపాళ్ళు ఒప్పు. మొలకెత్తించేది తేమ, వెచ్చదనం. పుల్ల కేవలం స్టాండు. పైగా కుండీలోనే మొలిచిన గింజకు నీటి నుంచి మట్టికి మారే బాధ ఉండదు. కానీ "అందురు" అని సమస్యను ఇతరుల నోట్లో పెట్టి కొట్టేయడం పాత చిట్కా. దీంతో ఏ సమస్యనైనా పూరించవచ్చు. అందుకే మార్కులు తక్కువ.

చిలకపలుకు:

పండు తినుచు గింజ పారవేయగ జూచి
"మట్టి చేరదేల? మనసు లేదె?"
అనుచు నాలి పలుక, నా మాట మదిలోన
ముల్లు గుచ్చినంత మొలక వచ్చె

కుండీరాజు: మూడో పాదంలో యతి తప్పిందేమో? 'అ'కు 'నా' ఎలా సరిపోతుంది?

గురులఘువు: తప్పలేదండీ. పలుకన్ + ఆ మాట అని విడదీయండి. అక్కడ ఉన్నది ఆకారం, అకారంతో యతి చెల్లుతుంది. ముల్లును మాటగా మార్చడం ఈ పద్యంలో అసలు చమత్కారం. భార్య పొడిచిన మాటకు గింజ చెత్తబుట్టలోంచి కుండీలోకి చేరింది! ఒక్క సంగతి. ఆ మాట వెంటనే గుచ్చుకోవడమే మేలు. అవకాడో గింజ ఎండిపోతే మొలకెత్తదు. దాచిపెట్టి తీరిక దొరికినప్పుడు నాటుదామంటే కుదరదు.

అరిటాకు: ప్రశ్నలకు వరుసగా జవాబులిచ్చే క్రమాలంకారంలో నా ప్రయత్నం.

గింజ నిలిచెనెపుడు గిన్నెపై కదలక?
వేరు దిగిన పిదప వెడలెనేమి?
వరుస తప్పకుండ బాలిక బదులిచ్చె
ముల్లు గుచ్చినంత, మొలక వచ్చె

గురులఘువు: భేష్! పాదాన్ని రెండుగా చీల్చి లంకెనే తెంపేశారు. ముల్లు గుచ్చినంత గింజ నిలిచింది, వేరు దిగాక మొలక వచ్చింది. శాస్త్రానికీ సరిపోయింది. ముందు అడుగున పగిలి తెల్లటి వేరు దిగుతుంది, కాండం తర్వాతే. చాలామంది పైకి ఏమీ కనబడక, లోపల వేరు పెరుగుతుండగానే గింజను పారేస్తారు.

కుండీరాజు: కొత్తవాణ్ణి, తప్పులుంటే దిద్దండి.

అవకాడో గింజను వెచ్చని తావున
నీట నుంచి వేచి నీరసపడ
తలను పైకి తిప్పి తగురీతి మరలను
ముల్లు గుచ్చినంత మొలక వచ్చె

గురులఘువు: మొదటి పాదం ఎత్తుగడలోనే చెడింది. "అవకా" రెండు లఘువులు, ఒక గురువు. అది ఆటవెలది పాదం మొదట రావాల్సిన సూర్యగణం (గురువు, లఘువు లేదా మూడు లఘువులు) కాదు. యతి కూడా లేదు. "వెన్నపండు గింజ వెచ్చని తావున" అనండి, రెండూ తీరిపోతాయి. మిగతా మూడు పాదాల జోలికి వెళ్ళనక్కర్లేదు.

నిర్వాహకుడు: నాకైతే ఇదే నచ్చింది. గింజను తలకిందులుగా పెట్టారు, వేచి వేచి విసిగారు, సరిగ్గా తిప్పి మళ్ళీ గుచ్చారు, మొలక వచ్చింది. ముల్లుకూ మొలకకూ నిజమైన లంకె దొరికింది ఇక్కడే. కోసుగా ఉన్న వైపు పైకి, వెడల్పు వైపు నీళ్ళలోకి ఉండాలి. గుండ్రటి గింజల్లో పోల్చుకోవడం కష్టం, కాస్త చదునుగా ఉన్నదే అడుగు.

మట్టిచేతులు: దిద్దిన పద్యానికి మొదటి స్థానమా? పైగా గుచ్చగానే మొలక ఎక్కడిది, రెండు వారాల నుంచి ఆరు, ఎనిమిది వారాలు కూడా పడుతుంది! అంతా చేసి పెంచినా కాయలు వస్తాయన్న నమ్మకం ఉందా? గింజ మొక్కకు తల్లి గుణం రాదు, కాపుకే అయిదు నుంచి పదమూడేళ్ళు. అంటు మొక్క తెచ్చుకుంటే పోలా?

అరిటాకు: కాయల కోసమైతే అంటే మేలు, కాదనను. కానీ ఇప్పుడు ప్రపంచమంతా తింటున్న హాస్ రకం పుట్టింది గింజ మొక్క నుంచే. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ 1926లో నాటిన గింజల్లో ఒకటి. దానికి వేరే రకం అంటు కట్టబోతే అతకలేదు. విసిగి వదిలేస్తే, ఆ మొక్క తన కాయలే తాను కాసింది. 1935లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తల్లి చెట్టు వేరుకుళ్ళు తెగులుతో పోయి, 2002లో కొట్టేశారు.

చిలకపలుకు: ఆ తెగులుకు మన కుండీల్లో తలుపులు తీసేది మనమే. ప్రేమకొద్దీ రోజూ బిందెడు నీళ్ళు పోస్తాం!

నిర్వాహకుడు: మొదటి స్థానం కుండీరాజు గారికే. దిద్దింది ఒక్క పాదం, ఊహ ఆయనదే. రెండోది అరిటాకు గారికి. మొలక అడుగు ఎత్తు పెరిగాక సగానికి తుంచితే పక్క కొమ్మలు వేసి గుబురుగా వస్తుంది. వచ్చే వారం సమస్య దాని మీదే:

*తలను నరికినంత తళుకు హెచ్చె*

మట్టిచేతులు: ఈసారి "అందురు" వాడనులెండి.