అప్‌డేట్: బీరు పొంగిపోయే గొడవ తేలింది

పోయిన వారం అడిగాను కదా, ఫ్రెండ్స్ వస్తున్నారని తెచ్చిన క్రాఫ్ట్ బీరు (చిన్న బ్రూవరీలు కాచేది) మూత తీయగానే సగం నురగై నేలపాలవుతోందని, ఒక సీసా అయితే కంపు కొడుతోందని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది "నిలబెట్టి, కదపకుండా ఫ్రిజ్‌లో ఉంచు" అన్న సలహానే. సొంతంగా బీరు కాచే ఒకాయనకి సీసా చూపిస్తే, దీపం ముందు పెట్టి అడుగున ఉన్న తెల్లటి మడ్డి చూపించాడు. అది ఈస్ట్, అంటే బీరుని పులియబెట్టేది; కదిలితే పైకి లేచి నురగ పెంచుతుంది. నేనేమో సీసాలు పడుకోబెట్టి, ఆ రోజే కారులో కుదిపి తెచ్చి, సరిగ్గా చల్లబడకుండానే తీశాను. బీరు వెచ్చగా ఉంటే అందులో గ్యాస్ నిలవదు, పైకి తన్నుకొస్తుంది. ఈసారి రెండు రోజులు నిలబెట్టి, అడుగున వేలెడు వదిలేసి వంచాను. ఒక్క చుక్క పోలేదు.

కంపు సంగతి వేరే. ఆ ఒక్కటే రంగులేని గాజు సీసా, కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయింది. వెలుతురు తగిలితే హాప్స్‌లోని (బీరుకి చేదునిచ్చే పూలు) పదార్థాలు విరిగి అలా కంపు కొడతాయట. దానికి మందు లేదు, సింకులో పోశాను.

గ్లాసులో సబ్బు మిగిలిందేమో అన్నారు కొందరు. సబ్బుంటే నురగ చస్తుందే తప్ప పొంగదు, కాబట్టి అది కాదు.

భోజనాల విషయం: ఘాటు మాంసం కూరతో చేదు ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసే బీరు రకం) పెట్టకండి, నోరు ఇంకా మండింది. స్టౌట్‌కి (నల్లటి బీరు) మారాక అందరూ రెండోసారి వడ్డించుకున్నారు.