అప్‌డేట్: ఒడియా బర్త్ సర్టిఫికెట్ గండం గడిచింది

బర్త్ సర్టిఫికెట్ అనువాదం ఎలా చేయించాలని మూడు నెలల క్రితం ఇక్కడ అడిగాను, గుర్తుందా? మావారు డల్లాస్‌లో అమెరికా సిటిజన్, నేను ఒడిశా బరంపురంలో అత్తగారింట్లో ఉన్నాను. నా బర్త్ సర్టిఫికెట్ ఒడియాలో ఉందని, ఇంగ్లీషు అనువాదం కావాలని నేను ఆయన దగ్గరికి వెళ్లే అమెరికా వీసా ఫైలు ఆపేశారు.

చాలామంది నోటరీ చేయించమన్నారు. అసలు కావలసింది వేరు. రెండు భాషలూ వచ్చిన మనిషి అనువాదం చేసి, ఇది సరైనదేనని, తనకా అర్హత ఉందని రాసి సంతకం పెట్టాలి. మా వీధిలో రిటైరైన ఒడియా మాస్టారు చేసిపెట్టారు. డబ్బు పుచ్చుకోలేదు, అత్తయ్య అప్పడాల కట్ట మాత్రం పుచ్చుకున్నారు.

అసలు తిప్పలు నాన్న పేరుతో. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఎగిరిపోయి, 'రావు'నే ఇంటిపేరుగా రాసేశారు. మన తెలుగువాళ్లకి ఇక్కడ ఇది మామూలే! రెండు పేర్లూ ఒక్కరివేనని అఫిడవిట్ జతచేశాం. మళ్లీ ప్రశ్న రాలేదు.

ఇంటర్వ్యూ వచ్చే నెల, ముంబైలో. మామయ్యగారు అప్పుడే కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు తీసేశారు. ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు. పొద్దున్న ఏడున్నరకి ఫోన్ మోగుతుంది, అక్కడ రాత్రి ఎనిమిది. అత్తయ్య ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, కొడుకుని చూస్తూ కాఫీ కలుపుతారు. నా వంతు వచ్చేసరికి ఆయనకి ఆవలింతలు.

మెడికల్ పరీక్ష ఇంకా మిగిలింది. టెన్షన్ అంతా ఇప్పుడు దాని మీదే.