నగదు సాయం ఒకేసారి ఇవ్వాలా, నెలనెలా ఇవ్వాలా? అనుభవజ్ఞులు చెప్పగలరు

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా మందస మండలంలోని మా ఊరి నుంచి వలస వెళ్లి స్థిరపడిన మేము కొందరం, ఊళ్లోని నిరుపేద కుటుంబాలకు వస్తువులకు బదులు ఏ షరతులూ లేకుండా నగదే ఇవ్వాలనుకుంటున్నాం.

కెన్యాలో గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ పెద్ద మొత్తం ఒక్కసారిగా ఇచ్చిన ఊళ్లలో చాలా కుటుంబాలు గడ్డికప్పు తీసేసి రేకులు వేయించుకున్నాయని, పశువులు కొనుక్కున్నాయని చదివాను. 2011లో మధ్యప్రదేశ్‌లో ‘సేవా’ (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం యునిసెఫ్ తోడ్పాటుతో చేసిన నగదు ప్రయోగంలో మాత్రం పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలతో మొదలుపెట్టి, తరువాత 300, 150కి పెంచారు.

మా ఊరి నుంచి పలాస వెళ్లి జీడిగింజలు కొట్టే ఒక ఒంటరి తల్లికి, ఆ జీడిరసానికి వేళ్లు నల్లబడి తోలు ఊడుతున్నా పని మానుకునే వీలు లేదు. ఒక పాడిగేదె కొనుక్కుని ఇంటిపట్టున ఉండాలన్నది ఆమె కోరిక. నెలనెలా ఇచ్చేది కిరాణా బాకీకే సరిపోతుందని, అందువల్ల ఒకేసారి ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. అయితే ఖాతాలో పడిన డబ్బును బ్యాంకు పాత అప్పుకు జమ చేసుకోకుండా ఏం చేయాలి? కొందరికే ఇస్తే ఇరుగుపొరుగుల మధ్య మనస్పర్థలు రాకుండా ఎంపిక ఎలా జరపాలి? శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇటువంటి పని చేసినవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.