మా క్లబ్ పాత మ్యాచ్ క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే బొమ్మ వంగిపోతోంది, సౌండ్ కలవట్లేదు

మా చిన్న ఫుట్‌బాల్ క్లబ్ ఆడిన మ్యాచ్‌ల్లో ఈ వీహెచ్‌ఎస్ క్యాసెట్ ఒక్కటే మిగిలిందండీ, క్లబ్ ఎప్పుడో మూతపడింది, ఇది కూడా పోతే ఇంకేం ఉండదు. టీవీలో పెడితే బానే వస్తోంది, గోల్ పోస్ట్ వెనక మేం రేకు డబ్బా వాయిస్తూ గొంతు పోయేలా అరిచింది కూడా స్పష్టంగా వినిపిస్తోంది. గొడవంతా వీసీఆర్ (క్యాసెట్ ప్లేయర్) నుంచి వచ్చే బొమ్మని కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్‌తోనే. బొమ్మ పైభాగం కుడివైపుకి వంగి ఊగుతోంది, మధ్యమధ్యలో ఫ్రేములు ఎగిరిపోతున్నాయి, ఫస్ట్ హాఫ్ 45 నిమిషాలు అయ్యేసరికి గోల్ పడిన 3 సెకన్లకి గానీ మా అరుపులు రావట్లేదు.

వీసీఆర్‌లో టేప్‌ని చదివే హెడ్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచా, ట్రాకింగ్ (హెడ్ టేప్ మీద సరిగ్గా పడేలా చేసే సర్దుబాటు) అటూ ఇటూ తిప్పా, టేప్ మొత్తం ఒకసారి ముందుకీ వెనక్కీ చుట్టా, వేరే వీసీఆర్ తెచ్చి పెట్టా, కేబుల్ కూడా కొత్తది, అయినా అదే వరస. సాఫ్ట్‌వేర్ వర్చువల్‌డబ్, సెట్టింగ్స్ పాల్ (మన టీవీ పద్ధతి), 720×576, 25 ఫ్రేములు, ఆడియో 48 కిలోహెర్ట్జ్. రెండు వీసీఆర్‌లకీ ఎస్-వీడియో (కాస్త మెరుగైన బొమ్మ పంపే కనెక్షన్) లేదు, కాంపోజిట్ (మామూలు పసుపు పిన్ను) ఒక్కటే దారి.

సిగ్నల్ టైమింగ్ నిలకడగా లేకపోతే ఇలా అవుతుందని, దానికి ఆ టైమింగ్‌ని సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం కావాలని చదివా, కానీ అది చాలా ఖరీదు. టేప్‌ని ఊరికే మళ్ళీ మళ్ళీ తిప్పాలంటే భయమేస్తోంది, అరిగిపోతుందేమోనని. నా దగ్గర పాత డీవీడీ రికార్డర్ ఒకటుంది, వీసీఆర్‌కీ క్యాప్చర్ స్టిక్‌కీ మధ్యలో దాన్ని పెట్టి పంపిస్తే ఫ్రేములు పోకుండా ఉంటాయా, ఎవరైనా చేసి చూశారా?