తులసిదళం తరహావి అయిపోయాయి, కొత్త హారర్ ఏది చదవాలి?

రెండో_జాము:
యండమూరి తులసిదళం తరహా చేతబడి నవలలు దొరికినవన్నీ అయిపోయాయి. ఇప్పుడు ఇంగ్లీషులో, 2020 నుంచి వచ్చినవి కావాలి. భాష మరీ కష్టంగా ఉండకూడదు. భయం ఎంతున్నా ఫర్వాలేదు గానీ పేజీకో పేగు బయటపడే రకం వద్దు. రోజుకు 30 పేజీలకు మించి కుదరదు.

అటక_మీది_పెట్టె:
టి. కింగ్‌ఫిషర్ 'వాట్ మూవ్స్ ద డెడ్' (2022) తీసుకోండి. 200 పేజీలు కూడా ఉండదు, మీ లెక్కన వారంలో అయిపోతుంది. ఎడ్గార్ అలన్ పో 1839లో రాసిన అషర్ కథకే కొత్త రూపం. నీటి ఒడ్డున పాడుబడ్డ బంగళా, అందులో క్షీణించిపోతున్న కవలలు, అన్నాచెల్లెళ్లు. చుట్టుపక్కల కుందేళ్లు మనిషిని చూసి పారిపోవు, కూర్చుని అలాగే చూస్తుంటాయి. లేచి నడిస్తే అది కుందేలు నడకలా ఉండదు. నన్నడిగితే పుస్తకం మొత్తంలో వణికించేది ఆ నడకే.

మొదట్లో ఒక చిక్కుంది. కథ చెప్పే ఈస్టన్ సైన్యంలో పనిచేసిన మనిషి, దేశం కల్పితం. అక్కడి భాషలో సైనికులకు 'కా', 'కాన్' అని వేరే సర్వనామాలు. అచ్చుతప్పులనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. మనం ఆడా మగా తేల్చకుండా 'తను' అంటాం చూడండి, అలా అనుకుని సాగిపోండి.

చింతతోపు:
పై సలహాకు చిన్న చేర్పు. దాని వెంటనే 'మెక్సికన్ గోథిక్' (2020) పట్టుకోకండి. రెండిటి గుట్టూ ఒకే జాతిది, ఒకటి చదివాక రెండోది సగంలోనే తెలిసిపోతుంది. మధ్యలో కనీసం రెండు మూడు వేరే పుస్తకాలు పడాలి. కింగ్‌ఫిషర్ చివర రాసిన 'రచయిత్రి మాట' కూడా ముందు తిప్పొద్దు, అక్కడ ఆ నవల పేరుంది, గుట్టూ ఉంది.

చేతబడే కావాలంటే బోరా చుంగ్ 'కర్స్‌డ్ బన్నీ'. కొరియన్ కథలు, 2021లో ఆంటన్ హర్ ఇంగ్లీషు చేశారు, 2022 ఇంటర్నేషనల్ బుకర్ తుది జాబితాలో ఉంది. 10 కథలు, వాక్యాలు పొట్టివి. పేరు కథలో ఒక కుటుంబానికి శాపపు వస్తువులు చేయడమే కులవృత్తి. స్నేహితుణ్ణి ముంచిన సారా కంపెనీవాళ్ల మీదికి ముద్దొచ్చే కుందేలు దీపం పంపుతారు. గోదాములో కాగితాలు కొరకడంతో మొదలై ఇంట్లోకొస్తుంది. నిమ్మకాయ, పసుపు, కుంకుమ లేవన్నమాటే గానీ లెక్క మన చేతబడిదే.

రెండో_జాము:
మొదటి కథ నుంచే మొదలుపెట్టనా? 'ది ఓన్లీ గుడ్ ఇండియన్స్' గురించి కూడా విన్నాను.

చింతతోపు:
వద్దు, మొదటిది 'ది హెడ్'. మరుగుదొడ్డిలోంచి తల పైకొస్తుంది, కొందరు అక్కడే పుస్తకం మూసేస్తారు. మూడోదైన పేరు కథతో మొదలుపెట్టి వెనక్కి రండి. అన్నం తినేటప్పుడు మాత్రం కాదు.

అటక_మీది_పెట్టె:
స్టీఫెన్ గ్రాహమ్ జోన్స్‌ది (2020) మంచి నవలే. బ్లాక్‌ఫీట్ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లు నలుగురు, తెగ పెద్దలకు కేటాయించిన అడవిలో దొంగవేటకు వెళ్లి, కడుపుతో ఉన్న ఎల్క్‌ని, అంటే పెద్ద జాతి దుప్పిని, చంపుతారు. పదేళ్ల తర్వాత అది లెక్క తేల్చుకోవడానికొస్తుంది. పగ మనకు తెలిసిన పగే. కానీ నెత్తురు బాగా ఎక్కువ, కుక్కలూ చస్తాయి, బాస్కెట్‌బాల్ పేజీలకు పేజీలుంటుంది. మీ షరతులకు సరిపడదు.